మునగని బొటనవేలు

నేను చెప్పిన ప్రేమకథ ఏదీ పెళ్లి దాకా వెళ్లకుండా ఆగలేదు. గొప్ప కోసం అనటం లేదు, సికింద్రాబాద్‌లో ఎవర్నడిగినా చెబుతారు. నేను నోరు తెరిచి "ఒక అబ్బాయి ఉన్నాడు" అంటే చాలు, అవతల షామియానా వాళ్లు గుంజలు పాతటం మొదలుపెడతారు. ఒకసారి కథ మధ్యలో నాకు దగ్గొచ్చి ఆగితే, అల్వాల్‌లో పీటల ముందు కూర్చున్న పంతులుగారు కూడా మంత్రం ఆపి, నా దగ్గు తగ్గేదాకా చూశారు. అంతటి వాక్కు నాది. కాబట్టి ఈ దుర్గేష్ కథ ధైర్యంగా చదవండి.

దుర్గేష్ వాళ్లది టీ పొడి కొట్టు. వాళ్ల నాన్న ధర్మరాజు తణుకు వైపు నుంచి వచ్చి, మోండా మార్కెట్ వెనక సందులో పెట్టాడు. కొత్త సంచులు విప్పిన రోజున ఆ సందు గాలికే జనానికి హుషారొస్తుంది. అక్కడి పిల్లులు ఏళ్ల తరబడి కునుకు తీయలేదని నేనంటే ధర్మరాజు కాదనలేదు.

అలాంటి కొట్లోకి ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. చున్నీతో చెమట తుడుచుకుంటూ, "ఖాళీ అట్టపెట్టెలుంటే ఇస్తారా?" అంది.

దుర్గేష్ తల ఎత్తాడు. ఎత్తిన తల దించటం మర్చిపోయాడు.

"ఎన్ని కావాలండీ?"

"ఎన్నుంటే అన్ని. కాప్రాల చెరువు పొంగి ఇండ్లల్లకి నీళ్లొచ్చినయ్ కద. వాళ్లకి బియ్యం, సబ్బులు గిట్ట సర్ది ఇస్తున్నం."

"అలాగే. ముందు కూర్చోండి, టీ తాగుదురుగాని."

"వద్దండి."

"మా కొట్టుకొచ్చి టీ తాగకుండా వెళ్లినవాళ్లు లేరండి."

"ఇయాల్టి నుంచి ఉన్నరు."

"అంటే? మా టీ మీకు ఆనదా?"

"మీ టీ అని కాదు. ఎవ్వరి టీ అయినా తాగను."

"గ్యాస్ ప్రాబ్లమా?"

"నమ్మకం."

దుర్గేష్‌కి చెడ్డ కోపం వచ్చింది. "టీ కొట్టుకొచ్చి టీ తాగనంటే, గుళ్లోకొచ్చి దణ్ణం పెట్టనన్నట్టుందండీ."

"నేను గుడికి రాలే. పెట్టెల కోసం వచ్చిన."

గల్లాపెట్టె వెనకనుంచి ధర్మరాజు మెడ సాచాడు. "అమ్మాయ్, మజ్జిగైనా తాగుతావా?"

"మజ్జిగ తాగుతా అంకుల్."

"హమ్మయ్య. మనిషే."

ఆ అమ్మాయి పేరు కల్పలత. నేరేడ్‌మెట్‌లో ఇల్లు. ఫిజియోథెరపీ చదివి ఒక క్లినిక్‌లో పనిచేస్తోంది. తండ్రి జెరెమియా స్కూలు వ్యాను నడుపుతాడు, అన్న లూకాది ఒక కొరియర్ ఆఫీసులో ఉద్యోగం. ఇంటిల్లిపాదీ ఒక సంఘానికి వెళతారు. బయటివాళ్లు వాళ్లని మోర్మన్లంటారు. టీ, కాఫీ, పొగ, మందు ముట్టరు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ తిండికయ్యేది లేనివాళ్లకిస్తారు. జీతం తీసుకునే పాస్టరుండడు, వ్యాను నడిపేవాడే ఆదివారం లేచి ప్రసంగం చెబుతాడు.

ఇవన్నీ దుర్గేష్‌కి ఆ రోజు తెలియవు. తెలిసిందల్లా, అట్టపెట్టెలు ఆ పిల్ల ఒక్కతే మోయలేదని. తనే ఆటో మాట్లాడి, పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చుని కాప్రా దాకా వెళ్లాడు.

అక్కడ లూకా ఎదురొచ్చాడు. "భయ్యా, నువ్వు ఎవరి తాలూకు?"

"అట్టపెట్టెల తాలూకు."

"అయితే నిలబడ్డవేంది? బియ్యం సంచి పట్టు."

పట్టాడు. సాయంత్రం దాకా పట్టాడు. కల్పలత అటు చూసినప్పుడల్లా రెండేసి సంచులు ఎత్తాడు, చూడనప్పుడు అవే సంచుల మీద కూర్చున్నాడు. మనం మనం అనుకోవాలిగానీ, ప్రేమలో పడ్డ మగాడి బలమంతా అవతలివాళ్ల కళ్లల్లో ఉంటుంది.

ఇక తర్వాత ఆదివారాలు దుర్గేష్ ఎక్కడున్నాడో మీకు వేరే చెప్పాలా? వాళ్ల మీటింగ్ హాల్లో వెనక బెంచీలో ఉన్నాడు. అక్కడ నీళ్లూ రొట్టే పంచుతుంటే పక్కకు జరిగి కూర్చునేవాడు. పాటలకి పెదాలు కదిపేవాడు. బయటికొచ్చాక కల్పలత స్కూటర్ పక్కన తన బండి పెట్టుకుని, లేని తాళంచెవి వెతుక్కునేవాడు.

ఒకరోజు అడిగాడు. "నాకో అనుమానం లతా. మా వ్యాపారంలో కొత్త లోడొస్తే, టీ కాచి, చెంచాతో జుర్రున నోట్లోకి పీల్చి, నాలిక మీద తిప్పి, ఉమ్మేయాలి. మింగం. అది తాగినట్టా, తాగనట్టా?"

"ఎందుకు నోట్ల పోసుకున్నవ్?"

"రుచి చూడటానికి. పని."

"నిజంగ పని కోసమేనా? లేకుంటే పని అని పేరు పెట్టుకుని జెర మింగుతున్నవా?"

దుర్గేష్ మళ్లీ జేబులో తాళంచెవి వెతుక్కున్నాడు.

"గదే మాకు ముఖ్యం," అంది కల్పలత. "చేతితో ఏం చేసినవన్నది అందరికీ కనబడ్తది. ఎందుకు చేసినవన్నది దేవుడు చూస్తడు. మనసులేక ఇచ్చింది ఇయ్యనట్టే. పని చేయాలె, లేకుంటే నమ్మకం ఉత్త మాటే. గానీ ఆ పని కింద మనసు ఉండాలె."

"మనసుంది," అన్నాడు దుర్గేష్ ఆమె వైపే చూస్తూ.

"ఎక్కడ పెట్టినవో చూసుకో," అంది ఆమె నవ్వి, స్కూటర్ స్టార్ట్ చేసి.

నవ్విందా! మావాడు ఆ వారమంతా కొట్లో అస్సాం పొడి అడిగినవాళ్లకి నీలగిరి కట్టాడు.

సీతాఫల్‌మండిలో భద్రయ్య అని ఒక పెద్దమనిషి. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. భార్య విమలమ్మ బక్క ప్రాణి. కల్పలత శనివారాలు వెళ్లి ఆయన కాలూ చెయ్యీ ఆడించి వచ్చేది, లూకా వెళ్లి మంచం మీంచి ఎత్తి స్నానాలగదిలో కుర్చీ మీద కూర్చోబెట్టేవాడు. వాళ్లు సంఘానికి వచ్చేవాళ్లు కాదు, వీళ్లు రమ్మనేవాళ్లూ కాదు. లూకాకి డ్యూటీ మారాక, ఎత్తటానికి మనిషి కావలసి వచ్చింది.

"నేనున్నాగా," అన్నాడు దుర్గేష్.

భద్రయ్యకి మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ, మాటలో కారం తగ్గలేదు.

"పిలగా, నన్ను ఎత్తుతున్నవా, ఆమెను చూస్తున్నవా? రెండూ ఒక్కసారి చేయకు. నేను కిందబడ్త."

"అయ్యో తాతా, మిమ్మల్నే చూస్తున్నా."

"నా మొకంల ఏమున్నదిరా గంతగనం నవ్వనీకి? విమలా, జెర ఆ పిల్లని నా తలకాయ దిక్కు నిలబెట్టు. అప్పుడన్నా వీడు నన్ను సక్కగ పడతడు."

కల్పలత చెవులు ఎర్రబడేవి. విమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"మీ లగ్గానికి నా బ్యాండు ఫ్రీ," అనేవాడు భద్రయ్య ఎడమ చేత్తో అన్నం ముద్ద ఎత్తుతూ. పడిపోని చెయ్యి అదొక్కటే. ఆ చేత్తో తనే తింటాడు, తనే నీళ్లు తాగుతాడు, ఎవర్నీ పెట్టనివ్వడు. అది ఆయన పౌరుషం.

ఒక శనివారం స్నానమయ్యాక మెట్లు దిగుతూ కల్పలత చెప్పింది. "నేను మిషన్‌కి పోదామనుకుంటున్న. ఏడాదిన్నర. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి సేవ చేసుడు."

"ఏడాదిన్నరా! ఆగవా?"

"ఆపేటోళ్లుంటే ఆగుతా."

"ఆపుతున్నా."

"గంత ఈజీ కాదు దుర్గేష్. మా టెంపుల్‌ల జరిగే పెండ్లి చచ్చేదాకా కాదు. చచ్చినంక సుత. ఎప్పటికీ."

"అబ్బో. మంచి వారంటీ."

"నవ్వకు. ఇద్దరూ నమ్మితేనే అది చెల్లుతది. ఒకరు నమ్మి, ఇంకొకరు నమ్మినట్టు చేస్తే, అక్కడ చెల్లదు. నాకు నువ్వు కావాలె. గానీ నాకోసం వచ్చే నువ్వు వద్దు."

దుర్గేష్‌కి ఈ మాటలో మొదటి ముక్కే వినబడింది. ఆ వయసులో చెవులు అంతే, కావలసినంత వరకే పనిచేస్తాయి. మర్నాడే బాప్తిస్మం తీసుకుంటానని జెరెమియాకి చెప్పేశాడు. టీ మానేశాడు.

ధర్మరాజు కూలబడిపోయాడు. "ఏ దేవుడికైనా మొక్కుకోరా, నేనేవన్నా అన్నానా? కానీ టీ మానేయడవేవిట్రా! రేపు కొట్టు మీద ఏవని రాయించను, ధర్మరాజు అండ్ మజ్జిగ అనా?"

అన్నీ అనుకున్నట్టే జరుగుతున్న ఆ రోజుల్లోనే, ఒక శనివారం దుర్గేష్ సీతాఫల్‌మండి బ్రిడ్జి ఎక్కుతుండగా ఫోన్ మోగింది. బండి పక్కకి ఆపాడు.

"జ్వరం వచ్చింది దుర్గేష్," అంది కల్పలత గొంతు. "నేను వస్తలేను. నువ్వు పోయి తాతకి స్నానం చేయించు. సరేనా?"

"సరే. నువ్వు మందేసుకుని పడుకో."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా బ్రిడ్జి దిగితే రెండో సందు. ఎండ మాడిపోతోంది. ఇంట్లో క్రికెట్ మ్యాచ్ వస్తోంది. ఆమె లేని ఆ ఇంట్లో ముసలాయన తడి ఒళ్లు, సబ్బు నురగ, విమలమ్మ పాత కథలు. వచ్చే శనివారం చేయిద్దాంలే, ఒక వారం స్నానం లేకపోతే మనిషి చచ్చిపోడు అనుకున్నాడు. బండి వెనక్కి తిప్పాడు.

మధ్యాహ్నం దాకా చూసి, భద్రయ్య భార్య భుజం పట్టుకుని తనే లేచాడు. గడప దగ్గర ఇద్దరూ పడ్డారు. విమలమ్మకి మోకాలు కొట్టుకుపోయింది. భద్రయ్య ఎడమ మణికట్టు రెండు ముక్కలైంది. కట్టు విప్పాక కూడా వేళ్లు ముడుచుకోలేదు. అప్పట్నుంచి విమలమ్మే కలిపి నోట్లో పెట్టడం.

"ఏమైంది ఆరోజు?" అని కల్పలత అడిగింది.

"లోడొచ్చింది లతా. నాన్న ఒక్కడే ఉన్నాడు. వదల్లేకపోయాను."

"నీ తప్పేముంది. నేను ఇంకెవరికన్నా చెప్పాల్సింది," అని ఆమె కళ్లు తుడుచుకుంది. తప్పు తన మీద వేసుకుంది. మావాడు వేసుకోనిచ్చాడు.

ఆ తర్వాత మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజు ఎవరికి తోచింది వాళ్లు లేచి ముందుకెళ్లి సాక్ష్యం చెబుతారు. కల్పలత లేచింది. పస్తున్న ముఖం, ఎండిన పెదాలు. ఏదీ ఆశించకుండా చేసే మంచి ఎట్లుంటదో నాకు చూపించినోడు మన సంఘంలో ఇంకా చేరని మనిషి అంది. తన తాత కాని తాతకి వీపు రుద్దుతడు అంది. పేరు కూడా చెప్పింది. హాలంతా వెనక్కి తిరిగి దుర్గేష్‌ని చూసింది.

పొగడ్త ఇంత కాలుతుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

అయినా ఊరుకున్నాడు. బాప్తిస్మానికి ముందు ఒక ఎల్డర్ కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతాడు. ఎల్డర్ అంటే పెద్ద. రాజమండ్రి నుంచి మిషన్‌కి వచ్చిన కుర్రాడు, మీసం ఇంకా రావాలా వద్దా అని ఆలోచిస్తోంది, ఆయనా పెద్ద! కోటు జేబు మీద పేరు బిళ్ల సర్దుకుని, "బ్రదర్, ఇది దేవుడి కోసమేనా? వేరే ఎవరి కోసమైనా కాదు కదండీ?" అన్నాడు.

"దేవుడి కోసమే," అన్నాడు దుర్గేష్. నోరు తడబడలేదు. టీ మానేసినంత సులువుగా వచ్చేసింది.

బాప్తిస్మం శనివారం సాయంత్రం. మీటింగ్ హాలు పక్క గదిలో పలకలు పరిచిన తొట్టి, నడుము దాకా నీళ్లు. దుర్గేష్‌కి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. లూకా కూడా తెల్లబట్టల్లో నీళ్లలో నిలబడ్డాడు, ముంచేది అతనే. వాళ్ల పద్ధతిలో మనిషి మొత్తం మునగాలి. వెంట్రుక కొస, చొక్కా అంచు కూడా నీళ్ల పైన తేలకూడదు. చూడటానికి ఇద్దరు సాక్షులు చెరో పక్క నిలబడతారు. ఏదన్నా తేలిందని ఒక్కరన్నా మళ్లీ మొదటినుంచి. ఆ రోజు సాక్షులు ఒక పక్క జెరెమియా, రెండో పక్క కల్పలత. కావాలని ఆమే అడిగి నిలబడింది.

లూకా చెయ్యెత్తి, చెప్పవలసిన మాటలు చెప్పి, ముక్కు మూసుకోమని, వెనక్కి వాల్చి ముంచాడు. లేపాడు. దుర్గేష్ కళ్లు తుడుచుకున్నాడు. బెంచీల మీద అందరూ నవ్వుముఖాలు.

జెరెమియా తల ఊపాడు. అయిపోయింది.

కల్పలత తల ఊపలేదు.

"బొటనవేలు పైకొచ్చింది," అంది.

"ఏందమ్మా?"

"కాలి బొటనవేలు డాడీ. ఎడమ కాలిది. నీళ్ల మీదికొచ్చింది."

జెరెమియా గొంతు తగ్గించాడు. "పోనీ బిడ్డా. రవ్వంత వేలు. నాకు కనబడలే."

"నాకు కనబడ్డది. కనబడలేదని ఎట్లంటా?" ఆమె కళ్లల్లో నీళ్లు, పెదాల మీద నవ్వు. "ఇది ఎప్పటికీ ఉండాల్సింది డాడీ. నాకు అందరికంటే ఎక్కువ కావాలె. గందుకే." దుర్గేష్ వైపు వంగింది. "ఇంకొక్కసారి. ఈసారి కాళ్లు గట్టిగా తన్నిపట్టు, సరేనా?"

లూకా మళ్లీ చెయ్యెత్తాడు.

దుర్గేష్ ఆమెనే చూస్తున్నాడు. ఒక్క తల ఊపు. ఊపితే వాళ్ల పెళ్లి. ఈ గదిలో ఆ పెళ్లి ఆమెకన్నా ఎక్కువ కోరుకుంటున్నవాళ్లు ఎవరూ లేరు, ఆ ఆమే ఒక బొటనవేలిని దాటనివ్వలేదు. తనేమో ఒక మనిషి చేతినే దాటించేసి, ఈ నీళ్లల్లోకి దిగాడు.

"ఆగన్నా," అన్నాడు లూకాతో. "ఇంకోసారి వద్దు."

"ఏమైంది భయ్యా? చలైతుందా?"

"లతా. ఆరోజు లోడ్ రాలేదు."

ఆమెకి అర్థం కాలేదు. "ఏ రోజు?"

"తాత పడ్డ రోజు. బ్రిడ్జి దాకా వచ్చాను. నువ్వు రావటం లేదన్నావు. బండి తిప్పేశాను."

లూకా ఎత్తిన చెయ్యి దించాడు.

"ఎందుకు?"

"నువ్వు లేవని."

"నేను అందరి ముందు నీ పేరు చెప్పిన."

"విన్నాను."

"విని ఊకున్నవ్."

"ఊరుకున్నాను."

కల్పలత తొట్టి గట్టు పట్టుకుంది. "ఒక్కటి చెప్పు. ఇదంతా నమ్మే దిగినవా నువ్వు? ఈ నీళ్లల్లకి?"

"నిన్ను నమ్మి దిగాను."

ఏ సినిమాలోనైనా ఇక్కడ ఈలలు పడతాయి. కల్పలత మాత్రం చాలా మెల్లగా, ఎవరో జబ్బు మనిషికి చెప్పినట్టు, "దానికి నేను సరిపోను దుర్గేష్," అంది. అని అక్కణ్నుంచి వెళ్లిపోయింది.

జెరెమియా టవల్ తెచ్చి తనే అతని తల తుడిచాడు. తిట్టినా బాగుండేదని దుర్గేష్ తర్వాత చాలాకాలం అనుకున్నాడు. ఇంటికెళితే ధర్మరాజు కొడుకు ముఖం చూసి, ఏమీ అడక్కుండా వేడి టీ గ్లాసు చేతిలో పెట్టాడు. తాగాడు. అలవాటు తప్పిన నాలిక్కి అది ఒట్టి చేదుగా తగిలింది.

మరి నువ్వు చెప్పిన కథలన్నీ పెళ్లి దాకా వెళతాయన్నావు కదా పెద్దాయనా, అని మీరు నా మీదికొస్తారని తెలుసు. రండి. అదంతా ఉత్త కోత. నేను చెప్పినవాటిలో పెళ్లి దాకా పోయింది ఒక్కటే, అది నాది, అదీ మా నాన్న కుదిర్చింది. ఆ పంతులుగారు ఆగింది కూడా నా దగ్గుకి కాదు, ఆయన దగ్గుకే. షామియానా వాళ్లతో నాకు పరిచయమే లేదు. ఇప్పుడు మనసు తేలికైంది, ముందుకు పోదాం.

మర్నాడు దుర్గేష్ భద్రయ్య ఇంటికి వెళ్లాడు. విమలమ్మ ముద్ద కలిపి పెడుతోంది. ఆయన నోరు తెరిచి, తలుపు వైపు చూసి, మళ్లీ మూశాడు.

"తాతా, మీకొక మాట చెప్పాలి. మీరు పడ్డరోజు నేను..."

"బ్రిడ్జి మీద ఆగినవ్. ఫోన్ మాట్లాడినవ్. బండి తిప్పినవ్."

"మీకెలా తెలుసు?"

"మంచంల పడ్డోనికి కిటికీ తప్ప ఏమున్నదిరా? గా బ్రిడ్జి మొత్తం కనబడ్తది. శనివారం పొద్దుగాల నుంచి నీ ఎర్ర బండి కోసమే చూస్త."

"తెలిసీ ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే నువ్వు మల్ల వస్తవా? రావు. మొకం చెల్లక తప్పించుకుంటవ్. నాకేమో స్నానం గావాలె." భద్రయ్య పనికిరాని రెండు చేతుల వంకా చూసుకున్నాడు. "ఆ పిల్ల మనసు మనసు అంటది. మంచి పిల్లే. నీ మనసు నేనేం జేస్కోవాలె? ఉడకబెట్టుకొని తినాల్నా? నాకు నీ చేతులు గావాలె. నా రెండూ పోయినయ్."

విమలమ్మ అంది, ముద్ద చేతిలోనే పెట్టుకుని: "గట్ల నిలబడ్డవేంది బిడ్డా. ఎట్లాగూ వచ్చినవ్. జెర ఎత్తు."

ఎత్తాడు. ఆ రోజు ఆయన్ని తప్ప ఎవర్నీ చూడలేదు, చూడటానికి ఎవరూ లేరు.

కల్పలత మిషన్‌కి వెళ్లిపోయింది. బెంగుళూరు వైపు ఏవో ఊళ్లట. లూకా ఒకసారి మార్కెట్లో కనబడి, "బాగనే ఉన్నది భయ్యా," అన్నాడు. దుర్గేష్ శనివారాలు సీతాఫల్‌మండి వెళుతూనే ఉన్నాడు. మొదట సిగ్గుతో వెళ్లాడు, తర్వాత భయంతో. ఆ తర్వాత ఎందుకు వెళుతున్నాడో అడగటం కూడా మానేశాడు. భద్రయ్య తిట్లు తింటూ, క్లారినెట్‌తో నిజాం ఏనుగుని నిద్రపుచ్చిన కథలాంటివి వింటూ, గడ్డం గీకటం కూడా నేర్చుకున్నాడు. ఆ ఏనుగు కథ నాకంటే బాగా చెబుతాడు ఆయన, అది వేరే విషయం.

ఒక శనివారం స్నానం ముగించి, మెట్ల మీద తడి లుంగీ పిండుతుంటే, కింద స్కూటర్ ఆగింది.

సన్నబడింది. నల్లబడింది. అదే చున్నీతో చెమట తుడుచుకోవటం.

"ఎప్పుడొచ్చావు?"

"మొన్న." ఆమె మెట్ల గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. "ప్రతి శనివారం వస్తున్నవంట. విమలమ్మ ఫోన్ల చెప్పింది. నేను లేకున్నా."

"నువ్వు లేకపోతే పని తొందరగా అవుతుంది."

ఆమె నవ్వబోయింది, కుదరలేదు. "ఎందుకొస్తున్నవ్ దుర్గేష్?"

"ముసలాయనకి స్నానం కావాలి."

"గంతేనా?"

"అంతే. ఇంకేముంటుంది?"

కల్పలత పైన కిటికీ వైపు చూసింది. "ఏడాదిన్నర నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పింది గిదే. ఏదీ ఆశించకుండా, ఎవ్వరూ చూడకుండా చేసే పని. చెప్పీ చెప్పీ ఇంటికొస్తే, అది ఇక్కడ నువ్వు చేస్తున్నవ్." గొంతు సవరించుకుంది. "డాడీ సంబంధం చూసిండు. వైజాగ్ అబ్బాయి. మిషన్ చేసొచ్చిండు, మంచోడు. నేను ఇంకా ఏం చెప్పలే."

దుర్గేష్ లుంగీ ఇంకోసారి పిండాడు. అందులో నీళ్లేమీ లేవు.

"ఇప్పుడన్నా నమ్ముతున్నవా? రవ్వంత ఉన్నా సరే. ఉన్నదను, అది పెరుగుతది. నేను ఆగుతా. ఎన్నేండ్లైనా ఆగుతా. ఉన్నదా?"

'ఉంది' అంటే రెండక్షరాలు. ఇదివరకు ఆ మీసం రాని ఎల్డర్ ముందు ఎంత తేలిగ్గా వచ్చిందో అంత తేలిగ్గా వస్తుంది. ఈసారి కనిపెట్టేవాళ్లు కూడా ఎవరూ లేరు, ఆమే చెయ్యి చాపి అడుగుతోంది.

"లేదు లతా. వెతికాను. నిజంగానే వెతికాను. దొరకలేదు."

"అబద్ధం చెప్పొచ్చు కద."

"చెప్పొచ్చు. చెబితే ఎప్పటికీ చెబుతూ ఉండాలి. మీ ఎప్పటికీ చాలా పొడుగు."

పైనుంచి భద్రయ్య కేకేశాడు: "పిలగా! నా బనీను ఏడబెట్టినవ్?"

"వస్తున్నా తాతా!" అన్నాడు గానీ కదల్లేదు.

అప్పుడు వాన మొదలైంది. ముందు ఒక చినుకు స్కూటర్ సీటు మీద, ఒకటి ఆమె చెంప మీద, ఇంకొకటి అతని కనురెప్ప మీద. తర్వాత ఒక్కపెట్టున కుండపోత. సందులో పిల్లలు కేకలు పెట్టారు, విమలమ్మ వడియాలు తీసుకోటానికి మిద్దె మీదికి పరిగెత్తింది. వాళ్లిద్దరూ మాత్రం అలాగే నిలబడ్డారు, ముఖాల మీంచి నీళ్లు కారిపోతుంటే, తుడుచుకోకుండా.

"డాడీకి సరే అని చెప్తా," అంది కల్పలత.

"చెప్పు," అన్నాడు దుర్గేష్.

ఆమె స్కూటర్ తిప్పుకుని బ్రిడ్జి ఎక్కి వెళ్లిపోయింది. అతను పైకెళ్లి భద్రయ్యకి బనీను తొడిగాడు.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, ఆ వాన. ప్రేమకథకి చివర వాన లేకపోతే కుర్రకారు పుస్తకం విసిరేస్తారని కురిపించాను. నిజానికది ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు తునక లేదు. ముఖాలు తడిసిన మాట మాత్రం నిజం.